రాతి మీద గుడ్లగూబ

ఒక పెద్ద గుడ్లగూబ. గుండ్రటి కళ్లు. తల చుట్టూ పొడవాటి ఈకలు. సూర్యుడి కిరణాల్లా విచ్చుకుని ఉన్నాయి. మన దగ్గర గుడ్లగూబ కూస్తే కీడు అంటారు. కాని ఈ గుడ్లగూబ బొమ్మను కెనడా దేశం తపాలా బిళ్ల మీద వేసింది. అది 1970లో జరిగింది.

ఆ బొమ్మ గీసింది ఒక ఇన్యూట్ స్త్రీ. పేరు కెనోజువాక్ అషెవాక్. ఆమె బొమ్మలు గీయడం ఏ బడిలోనూ నేర్చుకోలేదు. కాగితం మీద పెన్సిల్ పెట్టేనాటికి ఆమెకు ముప్పై ఏళ్లు.

మంచు నేల

కెనడాకు ఉత్తరాన బాఫిన్ అనే పెద్ద దీవి ఉంది. అక్కడ పంటలు పండవు. పొయ్యిలోకి కట్టె కూడా దొరకదు. చలికాలంలో సముద్రమే గడ్డకడుతుంది. అక్కడివాళ్లే ఇన్యూట్ ప్రజలు. పూర్వం వాళ్లకు వేటే బతుకు. సీలు అనే సముద్ర జంతువును వేటాడేవారు. దాని మాంసం తినేవారు. కొవ్వుతో దీపం వెలిగించేవారు. తోలుతో బట్టలు, బూట్లు కుట్టుకునేవారు.

1927 అక్టోబరులో కెనోజువాక్ ఒక మంచు ఇంట్లో పుట్టింది. గట్టి మంచును ఇటుకల్లా కోసి, పేర్చి కట్టే ఇల్లు అది. చిన్నప్పుడే తండ్రి పోయాడు. తల్లి పిల్లల్ని తీసుకుని పుట్టింటికి చేరింది. అక్కడ అమ్మమ్మ కెనోజువాక్‌కు తోలు కుట్టడం నేర్పింది. జంతువు నరమే దారం. కుట్టు వదులైతే నీళ్లు లోపలికి వస్తాయి. ఆ చలిలో తడిస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ప్రతి కుట్టూ గట్టిగా పడాలి. ఆమె చేతికి, కంటికి అదే మొదటి చదువు.

మూడేళ్ల ఆసుపత్రి

పెద్దయ్యాక జానీబో అనే వేటగాణ్ణి పెళ్లి చేసుకుంది. పిల్లలు పుట్టారు. ఆ రోజుల్లో ఇన్యూట్ ప్రజల్లో క్షయ రోగం బాగా పాకింది. కెనోజువాక్‌కూ అది సోకింది. 1952లో ఆమెను దూరాన ఉన్న క్యుబెక్ నగరం ఆసుపత్రికి తరలించారు. అప్పటికి ఆమె పచ్చి బాలింత. పసిబిడ్డను పొరుగువాళ్లు పెంచుకున్నారు.

ఆమె మూడేళ్లకు పైగా ఆసుపత్రిలోనే ఉంది. ఇంటి దగ్గర ఆమె పిల్లల్లో కొందరు చనిపోయారు. చివరి చూపు కూడా దక్కలేదు. ఆసుపత్రిలో రోగులకు చేతిపనులు నేర్పేవారు. ఆమె బొమ్మలు కుట్టడం, పూసల పని నేర్చుకుంది. 1955లో రోగం నయమై ఇంటికి చేరింది.

సూది నుంచి పెన్సిల్‌కు

అప్పటికి ఇన్యూట్ ప్రజల బతుకు కష్టంగా ఉంది. అంతకుముందు వాళ్లు తెల్లనక్క తోళ్లు అమ్మేవారు. ఆ డబ్బుతో తుపాకి గుళ్లు, టీ, పిండి కొనుక్కునేవారు. తోళ్ల ధర పడిపోయింది. మరి డబ్బు ఎలా వస్తుంది?

దగ్గరలో కేప్ డోర్సెట్ అనే ఊరు ఉంది. జేమ్స్ హ్యూస్టన్ అనే చిత్రకారుడు అక్కడ ప్రభుత్వ అధికారిగా పనిచేసేవాడు. ఇన్యూట్ చేతిపనులు బయట అమ్ముడుపోతాయని ఆయన నమ్మాడు. ఊళ్లో వాళ్లకు కాగితాలు, పెన్సిళ్లు పంచాడు. కెనోజువాక్ కూడా ఒకటి తీసుకుంది. అంతకుముందే ఆమె సీలు తోలు సంచి మీద ఒక బొమ్మ కుట్టింది. సముద్రపు నాచు తింటున్న కుందేలు బొమ్మ అది. ఆమె బొమ్మల్లో మొదట అచ్చయింది అదే. సూది పట్టిన చెయ్యి పెన్సిల్ పట్టింది.

రాయితో అచ్చు ఎలా వేస్తారు?

అచ్చు పని చూసి రావడానికి హ్యూస్టన్ 1958లో జపాన్ వెళ్లాడు. తిరిగి వచ్చి ఊరివాళ్లకు చెప్పాడు. వాళ్లు తమ రాయితో పని మొదలుపెట్టారు.

ముందు రాతిని నున్నగా అరగదీస్తారు. గీసిన బొమ్మను దాని మీద దించుతారు. బొమ్మ ఉన్న చోటు వదిలి, మిగతా రాతిని చెక్కేస్తారు. బొమ్మ పైకి తేలుతుంది. దానికి రంగు పూస్తారు. పైన పలుచటి కాగితం పరిచి, చేత్తో మెల్లగా రుద్దుతారు. కాగితం లేపితే బొమ్మ దిగి ఉంటుంది. గుడ్డ మీద చెక్క అచ్చుతో అద్దకం వేసే పని లాంటిదే ఇది. ఇక్కడ అచ్చు రాయి.

మొదట చెప్పిన గుడ్లగూబ 1960లో ఇలాగే పుట్టింది. దాని పేరు 'మాయ గుడ్లగూబ'. మొత్తం 50 కాగితాలు అచ్చువేశారు. సగం ఎరుపు, నలుపు రంగుల్లో. సగం ఆకుపచ్చ, నలుపు రంగుల్లో. గీసింది కెనోజువాక్. రాయి చెక్కింది వేరే ఇన్యూట్ పనివాడు.

ఊరి సంఘం

అచ్చు వేస్తే చాలదు, అమ్మాలి కదా. అందుకు 1959లో ఊరివాళ్లు సహకార సంఘం పెట్టుకున్నారు. సంఘం గీసినవాళ్ల దగ్గర బొమ్మలు కొనేది. వాటిలో కొన్ని ఏరి, అచ్చువేసి, పెద్ద నగరాలకు పంపేది. ఆ సంఘం ఇన్యూట్ ప్రజలదే.

కెనోజువాక్ మీద 1963లో ఒక సినిమా తీశారు. ఆ డబ్బుతో జానీబో సొంత పడవ కొనుక్కుని వేటకు వెళ్లాడు. ఆయన కూడా బొమ్మలు గీసేవాడు. 1966లో పిల్లల చదువు కోసం ఆ కుటుంబం కేప్ డోర్సెట్‌కు వచ్చి స్థిరపడింది. 1972లో జానీబో చనిపోయాడు. అయినా కెనోజువాక్ పెన్సిల్ వదల్లేదు. గీసిన బొమ్మలే ఇల్లు గడిపాయి.

1967లో కెనడా ప్రభుత్వం ఆమెను పెద్ద బిరుదుతో గౌరవించింది. ముసలితనంలోనూ ఆమె పక్షులు, చేపలు, గుడ్లగూబలు గీస్తూనే ఉంది. 2013 జనవరిలో, 85 ఏళ్ల వయసులో కన్నుమూసింది. 2017లో కెనడా ఒక ప్రత్యేక పది డాలర్ల నోటు వేసింది. దాని మీద కూడా ఆమె గుడ్లగూబ ఉంది. ఊరికి 2020లో ఇన్యూట్ భాషలోని పేరే పెట్టారు. ఇప్పుడది కిన్‌గైట్.

ముప్పై ఏళ్లకు పెన్సిల్ పట్టిన చెయ్యి అది. అప్పటికే అది ఎంతో పని నేర్చిన చెయ్యి.

కలిసి మాట్లాడుకోండి

1. కెనోజువాక్‌కు కుట్టుపని బొమ్మలు గీయడంలో ఎలా ఉపయోగపడింది?
2. ఊరివాళ్లు సంఘం పెట్టుకోకపోతే ఏమయ్యేది?
3. మీ చేతికి వచ్చిన పని ఏది? దాన్ని మీకు ఎవరు నేర్పారు? నాలుగు మాటల్లో రాయండి.