వీపు ఒకసారి చూడండి

నమాజుకు బారులు తీరేటప్పుడు సఫ్‌లు సరిచేసుకోమని ఇమామ్ సాహెబ్ చెప్పగానే మనమంతా మడమలు, భుజాలు చూసుకుంటాం. మసీదు మెట్లు దిగేసరికి ఆ శ్రద్ధ ఉండదు. ఒకరు ఒంటికాలిపై బరువు వేసి గోడకు ఆనుకుంటారు. మరొకరు మెడ వంచి సెల్‌ఫోనులో మునిగిపోతారు.

చిత్తూరులో ఎన్నో ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్న మేము, నిలబడే తీరు గురించి వారిని గద్దించడం మా హక్కనుకునేవాళ్లం. ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. తండ్రి బెల్లం మండీలో హమాలీ. ఆమె లేచి నిలబడితే ఒక భుజం ఎత్తుగా, ఒకటి పల్లంగా కనిపించేది. 'సీధీ ఖడీ రహో బేటీ' అని ఏడాది పొడుగునా అంటూనే వచ్చాం. 'సీదీచ్ ఖడీ హూఁ సర్' అనేది పాపం. నిటారుగానే ఉన్నానంటోంది, మొండిపిల్ల అనుకున్నాం.

దుపట్టా మాటున వీపు ఎవరికి కనబడుతుంది? సెలవుల్లో ఇంట్లో ఆమె రుకూలో వంగినప్పుడు వెనుక కూర్చున్న దాదీ కంటబడింది. వీపు ఒకవైపు ఉబ్బెత్తుగా ఉంది. తిరుపతిలో ఎముకల వైద్యుడు కూడా ముందు ఆ పనే చేయించారు. పాదాలు దగ్గరగా పెట్టి, అరచేతులు కలిపి కిందికి వేలాడదీసి ముందుకు వంగమన్నారు. వెన్నెముక పక్కకు ఒరిగి, మెలి తిరిగింది. దీన్నే స్కోలియోసిస్ అంటారు. అలవాటుతో వచ్చేది కాదు, గద్దిస్తే పోయేదీ కాదు.

ఇది ఎక్కువగా పది దాటిన ఎదిగే వయసులో బయటపడుతుంది. చాలామందిలో కారణం తెలియదు. వంకర ముదిరిపోవడం ఆడపిల్లల్లోనే అధికం. ఎముకలు ఎదుగుతున్నంత కాలమే బ్రేస్ పనిచేస్తుంది. అమెరికా, కెనడా ఆసుపత్రుల్లో జరిగిన ఒక అధ్యయనం 2013లో వెలువడింది. శస్త్రచికిత్స అవసరమయ్యేంతగా వంకర పెరగకుండా ఆగినవారు బ్రేస్ వేసుకున్న పిల్లల్లో 72 శాతం, వేసుకోనివారిలో 48 శాతం. రోజులో ఎక్కువ గంటలు వేసుకున్నవారికి ఎక్కువ మేలు కలిగింది. కాబట్టి మేము గద్దిస్తూ గడిపిన ఆ ఏడాది చిన్నదేమీ కాదు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం వారు 1985లో నెలకొల్పిన బర్డ్ ఆసుపత్రి ఎముకల వైద్యానికే ప్రత్యేకం. మన జిల్లావాళ్లు దూరం పోనక్కర లేదు.

ఇక మామూలుగా నిలబడే సంగతి. రొమ్ము విరుచుకుని పోలీసు కవాతులా నిలబడితే నడుము లోపలికి విల్లులా వంగుతుంది. అదీ తప్పే. మేస్త్రీ దారానికి గుండు కట్టి గోడ నిలువు చూసినట్టు పక్కనుంచి చూడండి. చెవి, భుజం, తుంటి కీలు ఇంచుమించు ఒకే గీతలో ఉండి, ఆ గీత చీలమండకు కాస్త ముందు దిగాలి. మోకాళ్లు బిగించకూడదు. తల బరువు సుమారు 5 కిలోలు. అది ముందుకు వాలేకొద్దీ మెడ కండరాలకు పని పెరుగుతుంది. రెహల్ ముందు గంటల తరబడి వంగి కూర్చునే మన హిఫ్జ్ పిల్లలకు ఇది మరీ వర్తిస్తుంది. రెహల్ కింద ఒక పీట వేస్తే పోయేదేముంది?

పుస్తకాల సంచుల మోత గురించి ఆర్.కె. నారాయణ్ 1989లోనే రాజ్యసభలో మొరపెట్టుకున్నారు. సంచి బరువు పిల్లవాడి బరువులో పదోవంతు దాటరాదని 2020 నాటి కేంద్ర విధానం చెబుతోంది. ముప్ఫై కిలోల పిల్లవాడికి 3 కిలోలు. సంచి వల్ల స్కోలియోసిస్ రాదు గానీ, పిల్లలు ముందుకు వంగి నడవడం మన కళ్లముందే ఉంది.

బ్రేస్ వేశాక ఆ అమ్మాయి మమ్మల్ని ఒకటే అడిగింది. రుకూ పూర్తిగా కుదరడం లేదు, నమాజుకు విప్పేయాలా అని. వ్యాధితో బాధపడుతున్న ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) అడిగినప్పుడు దైవప్రవక్త (స) నిలబడి చేయమని, చేతకాకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకు ఒరిగి చేయమని చెప్పిన సంగతి ఆమెకు వివరించాం. విప్పనక్కర లేదు బేటీ, వంగినంతే వంగమన్నాం.