పిడికెడు బియ్యం, సాయంకాల ప్రార్థన

మా ఇంట్లో పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉండేది. ఎసట్లో బియ్యం పోయబోయే ముందు మా అమ్మ అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేసేది. గాదె నిండుగా ఉన్న నాడూ అంతే, గింజలు లెక్కపెట్టుకునే నాడూ అంతే. ఆదివారం ఆ బియ్యం మూటగట్టుకుని మందిరానికి తీసుకుపోయేది. చిన్నతనంలో ఒకసారి, "మనకే చాలడం లేదు గదా, ఇంకా ఎవరికమ్మా ఇవి?" అని అడిగాను. "మనకు చాలని నాడే పక్కింటివాళ్లకూ చాలలేదేమోనని గుర్తుకు రావాలి బిడ్డా" అన్నది. ఆవిడ చదివింది రెండో తరగతి. తెలుగులో ఎం.ఏ. చదివి, కాలేజీలో ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్న నేను ఆ సంగతిని ఇంతకన్నా పొందికగా చెప్పలేను.

ఈ పిడికెడు బియ్యం మా ఇంటి ఆచారం మాత్రమే కాదు. తెలుగు క్రైస్తవ పల్లెల్లో ఎన్నో సంఘాలు ఈ బియ్యం మీద నిలబడ్డాయి. ఎక్కడో ఈశాన్యాన ఉన్న మిజోరం కొండల్లో కూడా 1910 నుంచి ఇల్లాళ్లు ఇదే విధంగా బియ్యం తీసిపెడుతున్నారు. దానం చేయాలంటే చేతిలో డబ్బుండాలి. డబ్బు మగవాడి జేబులో ఉండేది. బియ్యం మాత్రం ఇల్లాలి చేతిలో ఉండేది. అందుచేత ఈ కానుక ఆమెదే అయింది. ఇంటి బాగోగుల్లో ఆమె మాటకు ఒక విలువ ఏర్పడటానికి ఆ కుండ కొంత కారణమని నాకు తోస్తుంది.

మా ప్రాంతం ఖమ్మం దాటి భద్రాచలం అడవుల వైపు పోయే దారిలో ఉన్నది. శ్రీరామనవమి నాడు సీతారాముల కల్యాణం చూడటానికి జనం ఆ దారినే తండోపతండాలుగా పోతారు. ఆ దారినే భద్రాచలం దాటి ఇంకా పైకి పోతే, గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం వస్తుంది. ఇప్పుడది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నది. పర్ణశాలకు పోయే యాత్రికులు ఆ పక్కగా పోతూనే ఉంటారు గాని, అక్కడ ఒక పాత కథ ఉన్నదని చాలామందికి తెలియదు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత, గోదావరి మీద పడవలు ఇంకా ఎగువకు, మధ్య పరగణాల దాకా నడపాలని కాటన్ దొరగారి సంకల్పం. నదిలో రాతిగుట్టలు అడ్డుగా ఉన్నచోట ఆనకట్టలూ లాకులూ కట్టడానికి పూనుకున్నారు. దుమ్ముగూడెం అటువంటి చోటు. అక్కడి పనులు చూసిన ఇంజనీరు హేగ్ అనే సైనికాధికారి. చుట్టూ అడవిలో కోయ కుటుంబాలను చూసి, 1860 ప్రాంతంలో ఆయన వారి మధ్య క్రైస్తవ సేవకు నాంది పలికాడు. ఆయన కింద పనిచేసిన వెంకటరామరాజు గారనే తెలుగువాడు క్రైస్తవం పుచ్చుకుని, ఆ కోయల మధ్యనే బోధకుడుగా జీవితం గడిపాడు. తరువాత వచ్చిన జాన్ కెయిన్ దొరగారు భద్రాచలం, రేకపల్లి తాలూకాల జనజీవనాన్ని గురించి 1870ల్లోనే వ్యాసాలు రాసి అచ్చువేయించాడు. సువార్త భాగాలు కోయ మాటలోకి తర్జుమా అయినాయి.

విచిత్రమేమిటంటే, ఏ పనికోసం హేగ్ అక్కడికి వచ్చాడో ఆ పడవల దారి పథకాన్ని 1871లో ప్రభుత్వం విడిచిపెట్టింది. ఖర్చు మోయలేనంత అయింది. కోట్లాడి రాళ్లు పేర్చిన పథకం ఆగిపోయింది. ఆ పక్కన పాకల్లో మొదలైన సాయంకాల ప్రార్థన మాత్రం ఆగలేదు.

కోయ ఇంట్లో అంతకుముందు ఐకమత్యం లేదని నేననను. కష్టసుఖాల్లో గూడెమంతా ఒక్కటిగా నిలబడే తీరు వారి దగ్గర మనమే నేర్చుకోవాలి. క్రైస్తవం కొత్తగా తెచ్చినదల్లా, పొద్దు గుంకిన తరువాత మొగుడూ పెళ్లాం పిల్లలూ ఒకేచోట కూర్చుని, ఒకరి పేరు ఒకరు దేవుడి ముందు చెప్పుకునే అలవాటు. వేదం చదవాలి గనుక పిల్లలకు అక్షరాలు కావలసి వచ్చాయి. అక్షరాలు వచ్చిన పిల్ల తండ్రికి చదివి వినిపించేది. ఆ పది నిమిషాలు ఆ ఇంట్లో కూతురే గురువు.

దుమ్ముగూడెం సంఘం తరువాతి రోజుల్లో దోర్నకల్ అధ్యక్ష మండలంలో చేరింది. ఆ మండలానికి మొదటి బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు. తిరునల్వేలి తమిళుడు. 1909లో దోర్నకల్ వచ్చి, ముప్పయి అయిదేళ్ల వయసులో తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడుగా నిలిచాడు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశాడు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగూ పల్లె కుటుంబానికి శత్రువులని ఆయన ఊరూరా తిరిగి చెప్పేవాడు. నాలుగూ ఇంటి సంగతులే చూడండి. మందిరంలో ఎంత పాడినా, తండ్రి కల్లు దుకాణం నుంచి తూలుతూ ఇంటికొస్తే ఆ పాటకు అర్థమేమున్నది?

ఆయన 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని కట్నం పుచ్చుకోకుండా పెళ్లాడాడు. అది జరిగి నూట పాతికేళ్లు దాటింది. 1961లో వరకట్న నిషేధ చట్టమూ వచ్చింది. ఆయన పేరు చెప్పుకునే మా ఇళ్లల్లో పెళ్లి మాటలు ఇవాళ ఎట్లా జరుగుతున్నాయో పాఠకులకు చెప్పనక్కరలేదు. ప్రార్థనతో మొదలుపెట్టి, నడుమ బేరమాడి, మళ్లీ ప్రార్థనతో ముగిస్తున్నాము. భక్తి ఉన్నంత మాత్రాన కుటుంబం బలపడదని నేను చెప్పడానికి కారణం ఇదొక్కటే కాదు. మా సొంత కథ కూడా ఉన్నది.

మా నాన్న వీలునామా రాయకుండా పోయాడు. ఆయన విడిచిపోయినది నాలుగున్నర ఎకరాల చెలక. తమ్ముడు ఊళ్లోనే ఉండి దున్నుకుంటున్నాడు. "అన్నకు జీతమున్నది, భూమి నాకు ఉండనీ" అని వాడు. "సగం అమ్మి ఇస్తే ఖమ్మంలో ఇల్లు కట్టుకుంటాను" అని నేను. మాటా మాటా పెరిగింది. రెండేళ్లు మాట్లాడుకోలేదు. అమ్మ తమ్ముడి దగ్గర ఉండేది. నెలకొకసారి చూడబోయేవాణ్ణి. సాయంత్రం ప్రార్థనకు ఇద్దరమూ కూర్చునేవాళ్లం. వాడు ఆ గోడకు, నేను ఈ గోడకు. ఆమెన్ ఇద్దరమూ గట్టిగానే అనేవాళ్లం!

ఆ రోజుల్లోనే క్లాసులో రామాయణం చెబుతున్నాను. అన్న పాదుకలు నెత్తిన పెట్టుకుని భరతుడు రాజ్యాన్ని కాదనుకున్న ఘట్టం. పిల్లలు నిశ్శబ్దంగా విన్నారు. గంట కొట్టిన తరువాత నాకు నా గొంతే వినబుద్ధి కాలేదు. రాజ్యం మాట దేవుడెరుగు, నేను తగాదా పడుతున్నది రెండెకరాల పావుకు.

ఆ ఏడు క్రిస్మసుకు ముందు రాత్రి అందరమూ ఇంట్లో ఉన్నాం. అమ్మ ప్రభువు నేర్పిన ప్రార్థన మొదలుపెట్టింది. క్షమించడాన్ని గురించి చెప్పే మాట దగ్గరకు వచ్చి ఆగిపోయింది. మరచిపోయిందేమోనని మరదలు అందించబోయింది. అమ్మ చేత్తో వారించింది.

"ఈ మాట రెండేళ్లుగా మీ ఇద్దరి తరఫునా నేనే అబద్ధం చెబుతున్నా. ఇంక నావల్ల కాదు. మీరు చెప్పండి, తరువాత నేను అందుకుంటా."

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. తమ్ముడి కొడుకు తల్లి ఒళ్లో నిద్రపోయాడు. చివరకు తమ్ముడే, "అన్నా, నేను ఆ రోజు అనరాని మాట అన్నాను" అన్నాడు. నేను అన్నవి అంతకన్నా ఎక్కువ. అదే చెప్పాను. అప్పుడు అమ్మ ఇంకొక మాట అడిగింది.

"అయితే మీ అక్క సంగతేమిటి? అది నా కడుపున పుట్టలేదా?"

మా ఇద్దరికీ నోట మాట రాలేదు. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా పోయినవాడి ఆస్తిలో మూడో వంతు భార్యకు, మిగిలినది కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా చెందుతుంది. తోటి లెక్చరరు ఒకరు ఆ సంగతి నాకు ముందే చెప్పారు. విననట్టు ఊరుకున్నాను. లెక్క చూస్తే అమ్మకు ఎకరన్నర, మా ముగ్గురికీ తలా ఒక ఎకరం. మేమిద్దరం రెండేళ్లుగా పంచుకోవాలని కొట్లాడుకున్నదాంట్లో సగానికి పైగా మాది కానే కాదు.

పండుగ నాడు మందిరం నుంచి అటే అక్క ఇంటికి పోయాం. "నాకెందుకురా భూమి" అంటుందని లోపల ఆశపడ్డాను, దాచడమెందుకు. అక్క అట్లా అనలేదు. కళ్లు తుడుచుకుని, "నా ఎకరం నా పేర రాయించండి. తమ్ముడే దున్నుకోనీ, కౌలు మాత్రం లెక్కగా ఇవ్వాలి" అన్నది. బావ నవ్వి కాఫీలు తెప్పించాడు. నా ఎకరం కూడా తమ్ముడికే కౌలుకు ఇచ్చాను. ఖమ్మంలో ఇల్లు ఇంకా కట్టలేదు. అద్దె ఇంట్లోనే ఉన్నాం.

మతం కుటుంబాన్ని బలపరుస్తుందా అని ఎవరైనా అడిగితే, ఊరికే బలపరచదని నా జవాబు. రోజూ నోటితో అనే మాట ఒకనాడు గొంతులో అడ్డుపడితే, అప్పుడు బలపరుస్తుంది. ఆ మాట రామకథలో దొరికేవారికి అక్కడ దొరుకుతుంది. మాకు సాయంకాల ప్రార్థనలో దొరికింది.

ఇప్పుడు మా ఇంట్లో కట్టెల పొయ్యి లేదు, గ్యాసు పొయ్యి వచ్చింది. కుండకు బదులు స్టీలు డబ్బా. పోయిన ఆదివారం మా అమ్మాయి ఎసట్లో బియ్యం పోయబోతూ ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసింది. ఎవరూ చెప్పలేదు. నానమ్మ పిడికిలికన్నా దాని పిడికిలి చిన్నది. అది చూసుకుని, మళ్లీ ఇంకొంచెం వేసింది.