మలేషియా దేశమునకు మొదటిసారి పోవు రైతులకు

మన రావులపాలెము, కొత్తపేట ప్రాంతముల రైతులలో కొందరు కొబ్బరి, అరటి తోటలను చూచి వచ్చుటకును, మరికొందరు అచ్చట ఉద్యోగములు చేయు తమ బిడ్డలను చూచుటకును మలేషియాకు పోవుచున్నారు. గోదావరి దాటి దూరము పోయి యెరుగని పెద్దలు సయితము ఇపుడు విమానమెక్కుచున్నారు. వారు మమ్ము తరచుగా నడుగు సంగతులను ఇందు వ్రాయుచున్నాము.

ఆ దేశము భూమధ్యరేఖకు మిక్కిలి చేరువ. అందుచే మనకు వలె వేసవి, శీతకాలము అను భేదము లేదు. ఏడాది పొడవునను ఎండ సాధారణముగా 33 డిగ్రీల ప్రాంతముననే యుండును. మే నెలలో మన లంకలలో కాయు ఎండ నెరిగినవారికి అది యెండయే కాదు. కాని గాలిలో తేమ యెక్కువ. మధ్యాహ్నము దాటగానే ఉరుములతో వాన కురియుట అచ్చట నిత్యకృత్యము. కావున పలుచని నూలు బట్టలు, గొడుగు చాలును. పగటిపూట కుట్టు దోమల వలన డెంగీ జ్వరము వచ్చును గనుక పొడుగు చేతుల చొక్కా మంచిది. పడమటి తీరమున ఫిబ్రవరి నెలలో వాన కొంత తక్కువ. అప్పటికి మన దాళ్వా నాట్లు కూడ ముగియును.

2023 డిసెంబరు 1వ తేది నుండి భారతీయులు విహారార్థము 30 దినముల వరకు వీసా లేకయే వచ్చుటకు ఆ ప్రభుత్వము వీలు కల్పించినది. ఇట్టి సదుపాయములు గడువుతో గూడినవి. టిక్కెట్టు కొనుటకు ముందే విచారింపవలయును. దిగుటకు మూడు దినముల లోపల ఇంటర్నెట్టులో పూరింపవలసిన రాక పత్రమొకటి గలదు. దానికి రుసుము లేదు. రుసుమున్నదని చెప్పి సొమ్ము గుంజువారి మాట నమ్మరాదు. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి: విహారమునకని పోయినవారు అచ్చట కూలి గాని ఉద్యోగము గాని చేయుట నేరము. "ముందు పొండి, పని తరువాత చూపింతును" అను దళారి మాటకు పొలము తాకట్టు పెట్టినవారిని మనమెరుగుదుము. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు పనికై ఆ దేశమునకు పోవలెనన్న మన ప్రభుత్వపు వలస అనుమతి పొందవలసి యుండును.

ఆచారములలో మనకు కష్టమైనవి లేవు. చెప్పులు గుమ్మము వెలుపల విడుచుట, కుడిచేత భుజించుట మనకు అలవాటే. చూపుడు వ్రేలితో మనుష్యులను చూపరాదు, బొటనవ్రేలితో చూపుదురు. పసిబిడ్డల తల నిమరుట మనకు ముద్దు, అచ్చట మర్యాద కాదు. స్త్రీలు తామై చేయి చాపిననే గాని పురుషులు చేయి కలుపరాదు. రంజాను నెలలో పగటివేళ ఉపవాసముండువారి యెదుట తినకుండుట మంచిది. కొబ్బరిపాలతో వండిన అన్నము మన కోనసీమవారికి వెంటనే నచ్చును. శాకాహారులు మాత్రము ప్రక్కన వడ్డించు ఎర్రని కారమును అడిగి తినవలయును. అందు రొయ్యల ముద్ద కలుపుదురు.

భాష రాదని భయపడనక్కరలేదు. పేరాక్ రాష్ట్రమందలి బాగన్ దతోహ్ కొబ్బరి తోటలకు మన తెలుగు జిల్లాల నుండి పనివారు ఓడలలో పోయిరి. వారి సంతతి ఇప్పటికిని అచ్చట గలదు. 1955లో వారు మలయా ఆంధ్ర సంఘమును స్థాపించుకొనిరి. వారితో మాటలాడునపుడు మీ తాతల యూరు ఏదియని అడుగుడు; ఆ పూట భోజనము వారింటనే యగును.

ఇక అరటి రైతులు శ్రద్ధగా వినవలసిన విషయము. మేము కొందరు రైతులతో గూడి అచ్చట నొక అరటితోటకు పోయినపుడు, తోట యజమాని మమ్ము గేటు వద్దనే నిలిపి, మా బూట్లను మందునీళ్ల తొట్టిలో ముంచి నడువుడనెను. వచ్చిన చుట్టములను ఇట్లు చేయుదురా యని మాలో నొకరు చిన్నబుచ్చుకొనిరి. కారణము విన్న పిదప అందరమును మౌనముగా నుంటిమి. పనామా ఎండు తెగులులో టి.ఆర్.4 అను రకము 1990 ప్రాంతమున ఆ దేశపు పచ్చ అరటి తోటలను నాశనము చేసినది. మన అమృతపాణిని చంపు పాత రకము పచ్చ అరటి జోలికి రాదు. ఈ క్రొత్త రకము దానిని కూడ విడువదు. దీని శిలీంధ్రము నేలలో దశాబ్దములు జీవించును. చల్లి నయము చేయగల మందు లేదు. చెప్పుకంటిన పిడికెడు మట్టి చాలును. 2019లో ఇది కొలంబియాకు ప్రాకినది. మన దేశమున బీహారు, ఉత్తరప్రదేశములలో ఇప్పటికే కనబడినది. రావులపాలెము అరటి సంతపై ఎన్ని కుటుంబములు బ్రతుకుచున్నవో వ్రాయనక్కరలేదు.

కావున తోటలు చూడదలచినవారు అచ్చటనే చౌక రబ్బరు చెప్పులు కొని, పని ముగియగానే అచ్చటనే విడిచి రావలయును. డబ్బు దండుగయని గొణిగిన మిత్రునకు ఒక్క గెల ధర కంటె అది తక్కువేయని చెప్పితిమి. పంట్లాము అంచులకు, సంచి అడుగునకు అంటిన మట్టి కూడ కడుగవలయును. అరటి పిలక గాని, కొబ్బరి మొక్క గాని, విత్తనము గాని సంచిలో దాచి తేరాదు. 2003 నాటి సస్య నిర్బంధపు ఉత్తరువు ప్రకారము అనుమతి పత్రము, ఆరోగ్య ధ్రువపత్రము లేక మొక్కలు తెచ్చుట చెల్లదు. 2016లో మన దేశమున కనబడిన సర్పిలాకార తెల్లదోమ కొబ్బరి ఆకులను నల్లబరచుట మనము చూచినదే. అదియు పరదేశపు పురుగే.

మీ తోటలో అడుగు ఆకులు అంచుల నుండి పసుపుబారి, విరిగి, కాండము చుట్టును లంగావలె వ్రేలాడినచో, కోసి చూచినపుడు లోపల ఎర్రని గోధుమరంగు చారలున్నచో, ఆ చెట్టును పెరికి కాలువలో పడవేయకుడు. పిలకలను ఎవరికిని ఈయకుడు. చుట్టును కంచె కట్టి, నీరు ప్రక్క మడికి పారకుండ ఆపి, ఉద్యానశాఖవారికి గాని కొవ్వూరు పరిశోధనా స్థానమునకు గాని వెంటనే తెలుపుడు.