ఓడ కనబడని జలప్రళయము



ఒక వేసవిలో మా ఎ.కొండూరు సంఘములో వి.బి.యస్. జరుగుచుండగా, పిల్లలకు నోవహు కథ చెప్పి బొమ్మ వేయమన్నాము. అందరూ ఓడను, ఏనుగును, పావురమును వేశారు. ఎనిమిదేళ్ల బాబు ఒకడు మాత్రము కాగితమంతా నీలము, నలుపు గీతలతో నింపి, ఒక మూలన కాస్త పసుపు పూసి తెచ్చాడు. "ఇదేమి బొమ్మరా? కాగితము పాడుచేశావు" అన్నాము. వాడు తల వంచుకొని వెళ్లిపోయాడు. ఆ రాత్రి ఎప్పుడో చదివిన ఒక చిత్రకారుని సంగతి జ్ఞాపకము వచ్చి, మా మాట మాకే ముల్లువలె గుచ్చుకొన్నది.

ఆయన పేరు వాసిలీ కాండిన్‌స్కీ. 1866లో రష్యాలోని మాస్కోలో జన్మించాడు. న్యాయశాస్త్రము చదివాడు. 1896లో మాస్కోలో జరిగిన ఒక ప్రదర్శనలో ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు మోనే వేసిన పటము చూశాడు. అది దేని బొమ్మో ఆయనకు తెలియలేదు. చేతిలోని జాబితా చూచిన తరువాతనే అది గడ్డివామి అని తెలిసినది. మన పొలాలగట్లమీద కనిపించే గడ్డివామియే! అయినను ఆ రంగులు ఆయన హృదయమును విడువలేదు. ఆ సంవత్సరమే యూనివర్సిటీలో వచ్చిన ఉద్యోగమును కాదనుకొని, ముప్పది యేండ్ల వయస్సులో బొమ్మలు నేర్చుకొనుటకు జర్మనీలోని మ్యూనిక్ వెళ్లాడు.

తరువాత ఆయన మనిషి, చెట్టు, ఇల్లు వంటి ఆకారములను విడిచి, రంగులతోను గీతలతోను మాత్రమే చిత్రములు వేసినవారిలో ముందు వరుసలో నిలిచాడు. 1913లో జలప్రళయమును తలంచుకొని సుమారు పది అడుగుల వెడల్పుగల పటము వేశాడు. అందులో ఓడ గుర్తుపట్టునట్లు కనబడదు. పొంగులెత్తు రంగులే కనబడును. ఆ నాశనములోనే క్రొత్త సృష్టిని గూర్చిన స్తుతి ఉన్నదని ఆయన వ్రాశాడు. నేడు ఆ పటము రష్యాలోని హెర్మిటేజ్ మ్యూజియములో ఉన్నది.

ఆయన తలంపులన్నియు మనము అంగీకరించునవి కావు. దివ్యజ్ఞాన సమాజపు బోధలు ఆయనను ఆకర్షించాయి. అయితే ఆయన పడిన అవమానము మాత్రము మనకు పాఠము. 1937లో హిట్లరు ప్రభుత్వము ఆయన పటములను "చెడిపోయిన కళ" అని ఎగతాళి చేయుటకే ప్రదర్శనలో పెట్టింది. ఆయన 1944లో ఫ్రాన్సులో మరణించాడు. ఎగతాళి చేసిన ప్రభుత్వము మరుసటి యేడే కూలిపోయినది. పటములు నిలిచియున్నవి.

ఇది పరాయి దేశపు సంగతి అనుకొనవద్దు. 1922లోనే కాండిన్‌స్కీ చిత్రములు కలకత్తాలో ప్రదర్శింపబడ్డాయి. మన కృష్ణాజిల్లా గుడివాడలో 1936లో పుట్టిన ఎస్.వి.రామారావు గారు మద్రాసులో చిత్రకళ చదివి, 1962లో స్కాలర్‌షిప్పుతో లండను వెళ్లి, తరువాత అమెరికాలో స్థిరపడ్డారు. ఆకారములు లేని రంగుల చిత్రములతోనే పేరు పొంది, 2001లో పద్మశ్రీ అందుకొన్నారు. గుడివాడలో పుట్టిన బిడ్డకు సాధ్యమైనది మన పల్లెలో పుట్టిన బిడ్డకు కాదని ఎవరు చెప్పగలరు?

మరునాడు ఆ బాబును పిలిచి, "ఈ పసుపు ఏమిటి నాన్నా?" అని అడిగాము.

"వాన వెలిసినాక వచ్చే ఎండ అయ్యగారూ" అన్నాడు.

మాకు కన్నీళ్లు ఆగలేదు. ఓడలు వేసిన పిల్లలకంటె వాడే కథను చివరిదాకా విన్నాడు. క్షమించమని వాడిని అడిగి, ఆ కాగితమును మందిరపు గోడకు అంటించాము.

తల్లిదండ్రులారా, సమూయేలు ప్రవక్తయే యెష్షయి పెద్దకుమారుని రూపము, ఎత్తు చూచి పొరబడ్డాడు (1 సమూయేలు 16). దేవుడు కోరుకొన్నవాడు గొర్రెలయొద్ద ఉన్నాడు. మీ బిడ్డ చేసినది మీకు అర్థము కానప్పుడు తిట్టకముందు ఒక్క ప్రశ్న అడగండి. దేవుడు ఆ చిన్న చేతిలో ఏమి ఉంచాడో మనకేమి తెలుసు? బిడ్డలను ఆయన చూచునట్లు చూచు కన్నులు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.