హ్యూ లిండ్సే: బొగ్గు కోసం ఆగిన టపా ఓడ

1830 మార్చి 20న బొంబాయి రేవు నుంచి ఒక ఆవిరి ఓడ లండన్ ఉత్తరాలతో సూయెజ్‌కి బయలుదేరింది. ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్ ఒకాయన పేరు మీద దాన్ని హ్యూ లిండ్సే అన్నారు. బొంబాయిలోనే ఓడలు కట్టే వాడియా కుటుంబం వాళ్ళు కట్టిన 411 టన్నుల ఓడ. ఒక్కొక్కటి 80 గుర్రాల శక్తి గల రెండు ఇంజన్లు. దాని కొట్లలో పట్టే బొగ్గు ఐదున్నర రోజులకు సరిపోతుంది. మొదటి మజిలీ ఏడెన్ మాత్రం పదకొండు రోజుల దూరంలో ఉంది.

కెప్టెన్ జాన్ విల్సన్ కొట్లు నిండాక ప్రయాణికుల గదుల్లోనూ డెక్కు మీదా బొగ్గు పోయించాడు. బరువుకు ఓడ ఎంత దిగిందంటే డెక్కు దాదాపు నీటిమట్టానికి వచ్చింది. పక్కన తిరిగే తెడ్ల చక్రాలు అంత లోతుగా మునిగితే చాలా బలం నీళ్ళను ఎత్తిపోయడానికే ఖర్చవుతుంది. అలా ఈడ్చుకుంటూ ఏడెన్ చేరేసరికి మిగిలింది ఆరు గంటల బొగ్గు.

ఏడెన్‌లో దొరికిన బొగ్గు ముందుగా తెరచాప ఓడలో తెచ్చి పోసిందే. అక్కడా, మోఖాలోనూ, జిడ్డాలోనూ ఆగి ఓడ ఏప్రిల్ 22న సూయెజ్ చేరింది. మొత్తం 33 రోజులు. అందులో ఇంజన్లు నడిచింది 21 రోజుల 8 గంటలే. తక్కినదంతా రేవుల్లో ఆగిన కాలం. తొలినాటి ఆవిరి టపా ఆలస్యాలు చాలావాటికి మూలం ఈ లెక్కలో కనిపిస్తుంది. ఓడ నెమ్మదిగా నడవడం వల్ల పోయిన కాలం కంటే, రేవుల్లో ఆగినప్పుడూ, ఒక చోటి నుంచి మరో చోటికి టపా చేతులు మారేటప్పుడూ పోయిన కాలమే నాకు పెద్దదిగా తోస్తుంది.

అంత బొగ్గు ఎందుకు తినేది? అప్పటి బాయిలర్లలో మరిగింది సముద్రపు నీరే. పని చేసి వచ్చిన ఆవిరి మీద చల్లని సముద్రపు నీళ్ళు చిమ్మి దాన్ని నీరుగా మార్చేవారు, ఆ ఉప్పు కలిసిన నీరే మళ్ళీ బాయిలర్లోకి పోయేది. నీరు ఆవిరై పోతుంటే ఉప్పు మిగిలి ఇనుప రేకులకు పొరగా పట్టేది. పొర మందమైన కొద్దీ వేడి లోపలికి దిగదు, బొగ్గు ఎక్కువ కావాలి, రేకులు కాలి పాడయ్యే ప్రమాదం కూడా. అందుకని వేడెక్కిన ఉప్పునీటిని కొన్ని గంటలకోసారి సముద్రంలోకి వదిలేసి కొత్త నీరు పట్టేవారు. నీటితోపాటు వేడీ పోయేది. రేవు చేరాక నిప్పు ఆర్పి, బాయిలర్ చల్లారాక మనుషులు లోపల దూరి ఆ పెచ్చులు కొట్టి తీయాలి.

ఇదే కాలంలో టామస్ వాగ్‌హార్న్ అనే నావికుడు ఈ దారిలో టపా తేవచ్చని నిరూపించడానికి 1829 అక్టోబరు 28న లండన్‌లో బయలుదేరాడు. సూయెజ్‌లో ఎంటర్‌ప్రైజ్ అనే ఆవిరి ఓడ తన కోసం వస్తుందని అతని నమ్మకం. అది చెడిపోయి రాలేదు. ఊరికే కూర్చోక పైకప్పు లేని పడవలో ఎర్రసముద్రం మీదుగా జిడ్డా దాకా పోయి, అక్కడ జబ్బుపడి, చివరికి తెరచాప ఓడలో బొంబాయి చేరాడు. అది హ్యూ లిండ్సే బొంబాయి విడిచిన రోజుల్లోనే. ఒక ఓడ అందక వచ్చిన మనిషికి రెండో ఓడా అందలేదు. ఆ పట్టుదల ముందు నాకు తల వంచాలనిపిస్తుంది.

అయినా హ్యూ లిండ్సే తీసుకెళ్ళిన ఉత్తరాలు బొంబాయి నుంచి 59 రోజుల్లో లండన్ చేరాయి. ఆఫ్రికా దక్షిణాన కేప్ చుట్టి వెళ్ళే తెరచాప ఓడలకు నాలుగైదు నెలలు పట్టేది. కానీ నైరుతి రుతుపవనాల్లో ఈ చిన్న ఇంజన్లు ఎదురుగాలికి నిలవలేకపోయేవి. సూయెజ్ చేరాక కూడా టపా ఎన్నో చేతులు మారాలి: ఎడారిలో ఒంటెల మీద కైరోకి, అక్కడి నుంచి నైలు నది, కాలువల మీద అలెగ్జాండ్రియాకి, మళ్ళీ అక్కడ మధ్యధరా ఓడ. నెలకొకసారి నడిచే ఓడ ఒక్క పూటలో తప్పిపోతే ఆ ఉత్తరం మళ్ళీ నెల ఆగేది.

1839లో బ్రిటిషువారు ఏడెన్‌ని పట్టుకోవడానికి పెద్ద కారణం బొగ్గు నిలవే. 1840లలో పీ అండ్ ఓ ఓడల కంపెనీ సూయెజ్, కలకత్తాల మధ్య టపా మొదలుపెట్టింది, మధ్యలో మద్రాసు మజిలీ. బందరుకో రాజమండ్రికో రావలసిన సీమ ఉత్తరం మద్రాసులోనే దిగేది. మద్రాసుకి అప్పుడు హార్బరు లేదు. ఓడ దూరంగా లంగరు వేస్తే, అలల్ని చీల్చుకుంటూ కట్టుమరాల మీద వెళ్ళే జాలరులు ఉత్తరాల్ని నీళ్ళు దిగని కోసు టోపీల్లో పెట్టుకుని ఒడ్డుకు తెచ్చేవారు. వేల మైళ్ళు ఆవిరితో వచ్చిన ఉత్తరానికి ఆఖరి మైలు ఒక మనిషి నెత్తి మీదే గడిచేది.

బొంబాయి టపా మాత్రం ఈస్టిండియా కంపెనీ తన చేతుల్లోనే ఉంచుకుంది. 1854 ప్రాంతంలో ఏడెన్‌లో ఆవిరి ఓడ సిద్ధంగా లేక, టపాని ఒక తెరచాప పడవకి ఎక్కించారు. పడవ మునిగింది, ఉత్తరాలన్నీ పోయాయి. దాంతో ఆ మార్గమూ పీ అండ్ ఓ చేతికి వెళ్ళింది.

ఆ తరవాత మంచినీరే మళ్ళీ మళ్ళీ బాయిలర్లోకి పోయే కండెన్సర్లు, ఒకే ఆవిరిని రెండు సిలిండర్లలో వాడుకునే కాంపౌండ్ ఇంజన్లు వచ్చి బొగ్గు ఖర్చు బాగా తగ్గించాయి. 1869లో సూయెజ్ కాలువ తెరిచారు. అయినా టపా ఒప్పందంలో ఈజిప్టు మీదుగా రైలు అని రాసి ఉంది కాబట్టి, కొన్నేళ్ళ పాటు టపా సంచుల్ని అలెగ్జాండ్రియాలో దించి రైల్లో సూయెజ్ పంపుతూనే వచ్చారు.