మెట్ట అడవిలో పెద్దపులి

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పత్తి, మిర్చి చేలు పడమటి దిక్కున మాచర్ల, యర్రగొండపాలెం, దోర్నాల దాటేసరికి నల్లమల కొండలకు చోటిస్తాయి. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండకు పేరుపడిన రెంటచింతలకు అట్టే దూరం లేని ఈ కొండల్లోనే, 1983లో ప్రాజెక్ట్ టైగర్ పరిధిలోకి వచ్చిన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఉంది. రాష్ట్ర విభజన తర్వాత అమ్రాబాద్ భాగం తెలంగాణకు వెళ్లిపోయినా, ఆంధ్రప్రదేశ్‌లో మిగిలిన సుమారు 3,296 చదరపు కిలోమీటర్లతో విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యంగా ఇదే నిలిచింది. ఎడారి పెద్దపులి కథల్లోనే దొరుకుతుంది గానీ, ఏడాదిలో మూడు నాలుగు నెలలు నీటికి కటకటలాడే నేలమీద బతుకు వెళ్లదీసే పులి మాత్రం ఇక్కడ నిజంగానే ఉంది.

పులి, సింహం, చిరుత, జాగ్వార్, మంచు చిరుత అనే ఐదింటిని జీవశాస్త్రం పాంథెరా ప్రజాతిగా, అంటే దగ్గరి చుట్టరికమున్న జీవుల గుంపుగా లెక్కిస్తుంది. వీటిలో ఎడారికే పరిమితమైనది ఒక్కటీ లేదు. సహారా, అరేబియా, మధ్య ఆసియా ఎడారుల్లో తిరిగే ఇసుకపిల్లికి కాలే ఇసుక అంటకుండా అరికాళ్లనిండా దట్టమైన బొచ్చు, ఇసుక అడుగున కదిలే ఎలుకల అలికిడి పసిగట్టే వెడల్పాటి చెవులు ఉన్నాయి గానీ, దాని బరువు మాత్రం రెండు మూడు కిలోలే. ఆఫ్రికాలోని నమీబ్ ఎడారి సింహాలు వేరే జాతేమీ కావు. వేట జంతువుల నెత్తుటిలో, మాంసంలో ఉండే నీటితోనే చాలాకాలం నెట్టుకొస్తూ, ఆహారం కోసం ఎంతో దూరం తిరగడం వాటి ప్రత్యేకత. పెద్దపిల్లి ఎడారిని గెలిచేది శరీరాన్ని మార్చుకోవడంకన్నా అలవాట్లు మార్చుకోవడంవల్లే అన్నది ఈ సింహాలను చూస్తే తెలుస్తుంది.

పులికి ఈ వెసులుబాటు ఇంకా తక్కువ. పిల్లి కుటుంబానికంతటికీ చెమట గ్రంథులు ముఖ్యంగా అరికాళ్లలోనే ఉండడంవల్ల, ఒంటి వేడిని దించుకోవడానికి పులి నోరు తెరిచి రొప్పాలి. రొప్పితే ఒంట్లోని నీరు ఆవిరైపోతుంది. అందుకే మధ్యాహ్నం మడుగులో మెడవరకు మునిగి కూర్చోవడం దానికి సరదా కాదు, ప్రాణావసరం. మూత్రాన్ని బాగా చిక్కబరిచి నీరు వృథా కాకుండా చూసే మూత్రపిండాలు దానికి ఉన్నా, చిరుతలా చాలీచాలని నీటితో సరిపెట్టుకోవడం దానికి కష్టం. మధ్య ఆసియా ఎడారుల నడుమ ఒకప్పుడు బతికి, గత శతాబ్దంలో అంతరించిన కాస్పియన్ పులి కూడా ఆమూ దర్యా వంటి నదుల ఒడ్డు రెల్లుపొదలను పట్టుకొనే ఉండేది. ఎడారి మధ్య ఉన్నా దాని కాపురం నది పక్కనే.

నల్లమలలో ఆ ఆదరువు కృష్ణానది, కొండవాగుల్లో మిగిలే మడుగులు. చిరుమాను, నల్లమద్ది వంటి చెట్లు ఆకు రాల్చే కాలానికి నీడ పలచబడుతుంది, వాగులు తెగిపోతాయి, దుప్పులు, కణుతులు, అడవిపందులు మిగిలిన కొద్దిపాటి నీటి చుట్టూ చేరతాయి. కంటి లోపల రెటీనా వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఉండడంవల్ల మసక వెలుతురులోనూ చూడగల పులి, పగలు రాతి చరియల నీడలో గడిపి, చల్లబడ్డాక ఆ మడుగుల దగ్గర మాటు వేస్తుంది. వేట తేలికైనట్టు కనిపించినా ఇది కరువు రోజుల్లో దొరికే సులువు మాత్రమే; వేటగాళ్లకూ ఆ మడుగులే గురి. మొత్తంమీద వేట జంతువులు పలచగా ఉండే మెట్ట అడవిలో ఒక్కో పులికి, తడి అడవుల్లోకన్నా చాలా పెద్ద మేర కావలసి వస్తుంది కనుక, విస్తీర్ణాన్ని చూసి పులుల సంఖ్యను ఊహించుకోవడం పొరపాటు.

అటవీశాఖ వేసవిలో సాసర్ పిట్లు, అంటే పళ్లెంలా లోతు తక్కువగా కట్టిన సిమెంటు తొట్లు, నింపుతోంది. సౌరశక్తితో నడిచే బోర్లు వేయించింది. అడవి ఆనుపానులు తెలిసిన చెంచులను కాపలాకు నియమించింది. ఇవి అవసరమే గానీ, తొట్టి పులికి నీరిస్తుందే తప్ప దుప్పికి గడ్డి ఇవ్వదు. గడ్డిని మిగల్చాలంటే వేసవి కార్చిచ్చును ఆపాలి, అడవిలోకి తోలే మందలను తగ్గించాలి. అందుకే అడవి అంచు గ్రామాల రైతులు చేలగట్లమీద పత్తికట్టె, మిరపకట్టె తగలబెట్టేటప్పుడు నిప్పు అడవివైపు పాకకుండా చూడాలి, ఏప్రిల్, మే నెలల్లో పశువులను లోపలి మడుగులకు తోలడం మానాలి.