మండుటెండలో రెండు యంత్రాల కారు

మే నెలలో ఒక రోజు మీ నాయనమ్మను హైదరాబాదులో పెద్ద డాక్టరుకు చూపించడానికి దౌల్తాబాద్ నుంచి కారులో బయలుదేరారనుకోండి. బయట ఎండ 43 డిగ్రీలు. గజ్వేల్ చేరి, ప్రజ్ఞాపూర్ దగ్గర రాజీవ్ రహదారి ఎక్కారు. శామీర్‌పేట దాటేదాకా కారు ఒకే వేగంతో సాఫీగా పోయింది. అల్వాల్ దాటాక కథ మారింది. కార్ఖానా, ప్యారడైజ్, బేగంపేట, పంజాగుట్ట - ఎక్కడ చూసినా బండ్ల బారులే. నాలుగు గజాలు కదలడం, ఆగడం. మళ్ళీ కదలడం, మళ్ళీ ఆగడం.

నాయనమ్మ ఎండకు తట్టుకోలేదు. కాబట్టి ఏసీ ఆపడానికి వీల్లేదు. ఏసీ నడవాలంటే మామూలు కారులో ఇంజను నడుస్తూనే ఉండాలి. కారు అంగుళం కదలకపోయినా పెట్రోలు మాత్రం కరిగిపోతూనే ఉంటుంది.

ఇలాంటి చోట హైబ్రిడ్ కారు తక్కువ పెట్రోలుతో నెట్టుకొస్తుందని మీరు వినే ఉంటారు. అది నిజమేనా? నిజమైతే ఆ పెట్రోలు ఎక్కడ మిగులుతుంది? ఎండ వేడికి దాని బ్యాటరీ ఏమవుతుంది? మీ భౌతికశాస్త్రం పుస్తకాన్నే తోడు తీసుకుని తేల్చుకుందాం, రండి.

ఆగిన ప్రతిసారీ పోయేదెంత?

కదిలే ప్రతి వస్తువుకూ గతిజశక్తి ఉంటుందని మీకు తెలుసు. ద్రవ్యరాశిని వేగ వర్గంతో గుణించి, అందులో సగం తీసుకుంటే ఆ శక్తి వస్తుంది. మనుషులతో కలిపి మన కారు ద్రవ్యరాశి 1500 కిలోగ్రాములు అనుకుందాం. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. అప్పుడు దాని గతిజశక్తి 75,000 జౌళ్ళు.

ముందున్న ఆటో ఆగింది. మీ డ్రైవరు బ్రేకు నొక్కాడు. ఆ 75,000 జౌళ్ళు ఎక్కడికి పోయాయి? బ్రేకు పలకలు రాసుకుని వేడెక్కాయి. ఆ వేడి గాలిలో కలిసిపోయింది. సైకిలు మీద ఏటవాలు దిగుతూ గట్టిగా బ్రేకు వేసి, వెంటనే బ్రేకు రబ్బరును ముట్టుకుని చూడండి. చురుక్కుమంటుంది. అదే సంగతి ఇక్కడ కూడా.

దారిలో ఇలా నూరుసార్లు ఆగితే 75 లక్షల జౌళ్ళు వేడిగా పోతాయి. ఒక లీటరు పెట్రోలులో సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్ళ శక్తి ఉంటుంది. కాని నగరంలో నడిచే ఇంజను అందులో నాలుగో వంతును చక్రాలకు అందిస్తే అదే గొప్ప. మిగతాదంతా పొగగొట్టం నుంచీ రేడియేటరు నుంచీ వేడిగా వెళ్ళిపోతుంది. అంటే లీటరుకు మనకు దక్కేది 80 లక్షల జౌళ్ళు. లెక్క తేలింది గదా! నూరుసార్లు బ్రేకు వేస్తే దాదాపు ఒక లీటరు పెట్రోలును రోడ్డు మీద పారబోసినట్టే.

గల్లగురిగి లాంటి బ్యాటరీ

హైబ్రిడ్ అంటే సంకరం. సంకర జాతి వరిలో రెండు రకాల గుణాలు కలిసినట్టే, ఈ కారులో రెండు యంత్రాలు కలుస్తాయి. ఒకటి పెట్రోలు ఇంజను. రెండోది విద్యుత్ మోటారు. ఆ మోటారుకు కరెంటు ఇవ్వడానికి ఒక బ్యాటరీ ఉంటుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. జర్మనీ కార్ల పేరుతో మీరెరిగిన ఫెర్డినాండ్ పోర్షే 1900 ప్రాంతంలోనే ఇంజనుతో కరెంటు పుట్టించి, మోటార్లతో చక్రాలు తిప్పే బండిని తయారుచేశాడు. పెద్ద సంఖ్యలో తయారై అమ్ముడైన మొదటి హైబ్రిడ్ కారు మాత్రం టయోటా కంపెనీ ప్రియస్. అది 1997 డిసెంబరులో జపానులో వచ్చింది. మన దేశంలో హోండా సిటీ, మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ వంటి కార్లలో హైబ్రిడ్ రకాలు 2022లో వచ్చాయి.

పాత సైకిళ్ళకు డైనమో ఉండేది. దాన్ని టైరుకు ఆనిస్తే దీపం వెలుగుతుంది, కాని తొక్కడం కాస్త బరువవుతుంది. ఎందుకని? మీ కాళ్ళ శక్తిలో కొంత కరెంటుగా మారుతుంది కాబట్టి. హైబ్రిడ్ కారు చేసే పని కూడా ఇదే. డ్రైవరు బ్రేకు నొక్కగానే మోటారు డైనమోగా మారుతుంది. చక్రాలే దాన్ని తిప్పుతాయి. కారు వేగం తగ్గుతుంది, పుట్టిన కరెంటు బ్యాటరీలో చేరుతుంది. మళ్ళీ కదలాల్సి వచ్చినప్పుడు ఆ కరెంటే మోటారును తిప్పుతుంది.

పోయినదంతా తిరిగి రాదు. మోటారులో కొంత, తీగల్లో కొంత, బ్యాటరీలో కొంత వేడిగా పోతుంది. అయినా, పూర్తిగా పోవాల్సిన దాంట్లో సగం దక్కినా లాభమే గదా! ఈ బ్యాటరీ మన ఇళ్ళలోని గల్లగురిగి లాంటిది. చిన్నదే. పెద్ద సొమ్ము దాయడానికి పనికిరాదు. చిల్లర వేయడం, చిల్లర తీయడం - రోజంతా అదే దాని పని.

నత్తనడకలో అసలు లాభం

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వేగం సగానికి తగ్గితే గతిజశక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. గంటకు 18 కిలోమీటర్ల వేగంలో మన కారు గతిజశక్తి 18,750 జౌళ్ళే. నాలుగు గజాలు కదిలి ఆగే నత్తనడకలో ఇంకా తక్కువ. అలాంటప్పుడు బ్రేకుల నుంచి రాబట్టగలిగేది ఎంత? చాలా స్వల్పం. మరి లాభం ఎక్కడుంది?

ఇంజనును ఆపేయడంలో ఉంది. కారు నిలబడి ఉన్నా ఇంజను తిరుగుతుంటే మామూలు కారు గంటకు సుమారు అర లీటరు నుంచి ఒక లీటరు దాకా పెట్రోలు తాగుతుంది. ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. ఆ సమయంలో చేసిన ప్రయాణం సున్నా. హైబ్రిడ్ కారు నిలబడగానే ఇంజను ఆగిపోతుంది. నెమ్మదిగా పాకేటప్పుడు మోటారే లాగుతుంది. ఇంజనుకు చేతకాని పని, అంటే మెల్లగా తిరుగుతూ బరువు లాగడం, మోటారుకు వెన్నతో పెట్టిన విద్య.

అందువల్లే ఇంకో మేలు కూడా జరుగుతుంది. రహదారి మీద వేగంగా పోయేటప్పుడు ఎదురుగాలి రేడియేటరును చల్లబరుస్తుంది. రద్దీలో ఆ గాలి ఉండదు, ఫ్యాను ఒక్కటే దిక్కు. వేసవిలో రోడ్డు పక్కన బానెట్ ఎత్తి, ఆవిరి కక్కుతూ నిలిచిన కార్లను మీరు చూసే ఉంటారు. హైబ్రిడ్ కారులో చాలాసేపు ఇంజను ఆగే ఉంటుంది కాబట్టి, రద్దీలో అక్కడ పుట్టే వేడే తక్కువ.

ఏసీ సంగతేమిటి?

ఇంజను ఆగితే ఏసీ కూడా ఆగాలి గదా అని మీకు సందేహం వచ్చే ఉంటుంది. మంచి సందేహమే. మామూలు కారులో ఏసీ కంప్రెసర్‌ను ఇంజనే ఒక బెల్టుతో తిప్పుతుంది. 1997 నాటి మొదటి ప్రియస్‌లోనూ అంతే. కాబట్టి ఎండ ఎక్కువగా ఉంటే, కారు నిలబడి ఉన్నా ఇంజను నడవాల్సి వచ్చేది. లాభం చేతికి వచ్చినట్టే వచ్చి జారిపోయేది. 2003లో వచ్చిన రెండో తరం ప్రియస్‌లో కంప్రెసర్‌ను కరెంటుతో నడిపారు. ఇక ఇంజను ఆగినా చల్లదనం ఆగదు.

అయితే ఎంతసేపు? ఇది కూడా లెక్కే. గ్రాండ్ విటారా హైబ్రిడ్ బ్యాటరీ సామర్థ్యం 0.76 కిలోవాట్ గంటలు. మీ ఇంటి కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే ముప్పావు యూనిట్. బ్యాటరీ త్వరగా పాడవకుండా కారులోని కంప్యూటరు దాన్ని పూర్తిగా నింపదు, పూర్తిగా ఖాళీ చేయదు. సగం వాడుకోవచ్చనుకుందాం. ఏసీకి ఒక కిలోవాట్ చాలితే సుమారు 20 నిమిషాలు నడుస్తుంది. ఎండలో నిలిపి ఉంచిన కారును చల్లబరచడానికి రెండు కిలోవాట్లు కావాలంటే 10 నిమిషాలే. తర్వాత ఇంజను దానంతటదే మొదలై, కాసేపు కరెంటు పుట్టించి, మళ్ళీ ఆగిపోతుంది.

మరి తేడా ఏముంది అంటారా? ఒక కిలోవాట్ ఏసీ గంటసేపు నడవాలంటే 36 లక్షల జౌళ్ళు కావాలి. ఇంజను, జనరేటరు కలిసి పెట్రోలు శక్తిలో నూటికి 30 వంతులు కరెంటుగా మార్చగలిగితే, ఖర్చయ్యే పెట్రోలు లీటరులో మూడో వంతుకు కాస్త ఎక్కువ. హైబ్రిడ్ ఇంజను తిరిగినప్పుడు సరైన బరువుతో పనిచేస్తుంది, పని అయిపోగానే ఆగుతుంది. మామూలు ఇంజను గంటంతా ఊరికే తిరుగుతూనే ఉంటుంది. తేడా అదే.

కాని ఎండ తన పన్ను తాను వసూలు చేసుకుంటుందని మరచిపోకండి. 2022లో గ్రాండ్ విటారా హైబ్రిడ్ లీటరుకు 27.97 కిలోమీటర్లు ఇస్తుందని ప్రకటించారు. ఆ అంకె ప్రయోగశాలలో, తిరిగే రోలర్ల మీద, ఏసీ వేయకుండా చేసిన పరీక్షలో వచ్చినది. మే నెల మధ్యాహ్నం బేగంపేటలో అంత వస్తుందని ఆశించకూడదు.

ఇంకో జాగ్రత్త. హైబ్రిడ్ అని పేరున్నవన్నీ ఒకటి కావు. కొన్నింటిలో మోటారు ఇంజనుకు చేయూత మాత్రమే ఇస్తుంది, సొంతంగా కారును లాగలేదు. వీటిని మైల్డ్ హైబ్రిడ్ అంటారు. సాధారణంగా వీటిలో ఏసీ ఇంకా ఇంజను బెల్టు మీదే ఆధారపడుతుంది. సిగ్నలు దగ్గర ఇంజను ఆగితే కాసేపటికి వెచ్చని గాలి మొదలవుతుంది. లోపల వేడెక్కగానే ఇంజను మళ్ళీ నడవాల్సిందే.

బ్యాటరీకి కూడా వడదెబ్బ

బ్యాటరీలో జరిగేది రసాయనిక చర్య. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చాలా రసాయనిక చర్యల వేగం సుమారు రెట్టింపు అవుతుంది. బ్యాటరీని క్రమంగా పాడుచేసే అనవసరపు చర్యలు కూడా అలాగే వేగం పుంజుకుంటాయి. పైగా కరెంటు పోతున్నప్పుడు బ్యాటరీ లోపలి నిరోధం వల్ల అదే వేడెక్కుతుంది. బయట ఎండ, లోపల వేడి - రెండు వైపులా సెగే.

అందుకే చాలా హైబ్రిడ్ కార్లలో బ్యాటరీని వెనుక సీటు దగ్గర పెట్టి, కారు లోపలి గాలినే ఒక చిన్న ఫ్యానుతో దాని మీదుగా పోనిస్తారు. అంటే ఏసీ నాయనమ్మకే కాదు, బ్యాటరీకి కూడా! సీటు పక్కన ఉండే ఆ గాలి రంధ్రానికి సంచీ అడ్డం పెట్టినా, దాని జల్లెడ నిండా దుమ్ము పేరుకున్నా బ్యాటరీ వేడెక్కుతుంది. మట్టిబాటల మీద తిరిగే కారుకు ఈ జల్లెడ శుభ్రత మరీ ముఖ్యం.

వేడి హద్దు దాటితే కంప్యూటరు ఊరుకోదు. బ్యాటరీలోకి వెళ్ళే కరెంటునూ, బయటికి వచ్చే కరెంటునూ తగ్గించేస్తుంది. కారు ఆగిపోదు. కాని మోటారు సాయం తగ్గుతుంది, ఇంజను ఎక్కువసేపు నడుస్తుంది, పెట్రోలు ఎక్కువ ఖర్చవుతుంది. అందుకే వేసవిలో కారును చెట్టు నీడన నిలపడం వట్టి సుఖం కోసం కాదు. ఎక్కగానే అద్దాలు కొద్దిసేపు దించి, లోపలి వేడి గాలిని బయటికి పంపి, తర్వాత ఏసీ వేస్తే ఆ చిన్న బ్యాటరీకి బరువు తగ్గుతుంది.

ఇంతకీ తేలిందేమిటి?

గజ్వేల్ నుంచి శామీర్‌పేట దాకా ఒకే వేగంతో పోయేటప్పుడు బ్రేకులు తక్కువ, ఆగడాలు తక్కువ. అక్కడ హైబ్రిడ్‌కు మామూలు కారుకు ఉన్న తేడా కూడా తక్కువే. అల్వాల్ నుంచి పంజాగుట్ట దాకా, మామూలు కారు నీరసించే చోటే, హైబ్రిడ్ తన నేర్పు చూపిస్తుంది. రద్దీ దానికి అంత శత్రువు కాదు. ఎండే అసలైన పరీక్ష. కారు కొనే పెద్దలు మైలేజీ అంకె ఒక్కటే అడగకుండా, "మన బండి ఎక్కువగా ఏ దారిలో తిరుగుతుంది?" అని ముందు తమను తాము ప్రశ్నించుకోవాలి.

ఒక సంగతి మాత్రం నిజం. హైబ్రిడ్ కారు కూడా తాగేది పెట్రోలే. యాభై మందిని తీసుకుపోయే బస్సు ఒక్కటి రోడ్డు మీద చాలా కార్ల అవసరాన్నే తప్పిస్తుంది.

ఈసారి హైదరాబాదు వెళ్ళేటప్పుడు ఒక పని చేయండి. చేతిలో గడియారం, కాగితం ఉంచుకోండి. అల్వాల్ నుంచి మీరు దిగే చోటు దాకా బండి ఎన్నిసార్లు ఆగింది, మొత్తం ఎన్ని నిమిషాలు నిలబడింది, రాసుకోండి. ఇంజను గంటకు ఒక లీటరు చొప్పున ఊరికే తాగిందనుకుని లెక్క వేయండి. కదలని బండి ఎంత పెట్రోలు కాల్చిందో మీకే తెలుస్తుంది. ఆ లెక్కను మీ సైన్సు మాస్టారుకు చూపించండి.